యతి తెలిసిన చెవికి బేవుల్ఫ్ పరాయిది కాదు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆంగ్ల సాహిత్యపు తొలి రోజుల గురించినవే. కళాశాలల్లో ఆ చరిత్రను చెప్పే కాలం కావడం ఒక కారణమైతే, బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు వీరకావ్యపు పద్యాలలో మన యతి వంటిది ఉన్నదని ఈ శీర్షికలో నేను ఒకసారి రాసిన మాట మరో కారణం. అనంతపురంలో ఈ పాఠాన్ని చాలా ఏళ్లు చెప్పినవాడిని కనుక, పరీక్ష కోసం పేర్లు, సంవత్సరాలు వల్లెవేయించే పద్ధతి మీద నాకున్న అసంతృప్తి ఈ జవాబుల్లో అక్కడక్కడ కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: ఆర్యా, ఆంగ్లో-సాక్సన్ యుగం 450 నుంచి 1066 వరకు అని మా నోట్సులో ఉంది. ఆ కాలపు భాషను 'పాత ఇంగ్లీషు' అంటున్నారు. చూస్తే ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అర్థం కానిది ఇంగ్లీషు ఎట్లా అవుతుంది?

జవాబు: చాలా సరైన ప్రశ్న అడిగారు. రోమన్ సైన్యాలు 410 ప్రాంతంలో బ్రిటన్‌ను వదిలి వెళ్లిన తరువాత, ఉత్తర సముద్రానికి అవతల, నేటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ తీరాలలో ఉండిన ఆంగిల్స్, సాక్సన్లు, జ్యూట్లు అనే తెగల వారు పడవల మీద వచ్చి ఆ దీవి తూర్పు, దక్షిణ భాగాలలో స్థిరపడ్డారు. జారో మఠంలో జీవించిన బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో పూర్తి చేసిన చరిత్రలో ఈ మూడు తెగల పేర్లు చెప్పాడు. ఆంగిల్స్ పేరు మీదనే ఇంగ్లండ్ అన్న పేరూ, ఇంగ్లీషు అన్న పేరూ వచ్చాయి.

భాష విషయానికి వస్తే, అది మీకు అర్థం కాకపోవడానికి ముఖ్య కారణం విభక్తులు. నేటి ఇంగ్లీషులో మాటల వరుసను బట్టి కర్త ఎవరో, కర్మ ఎవరో తెలుస్తుంది. పాత ఇంగ్లీషులో ఆ పనిని చాలావరకు మాట చివరి ప్రత్యయాలు, మాట ముందు వచ్చే నిర్దేశకాలు చేసేవి. 'సే క్యునింగ్' అంటే రాజు, 'థోనె క్యునింగ్' అంటే రాజును. 'స్టాన్' రాయి, 'స్టానెస్' రాతి యొక్క, 'స్టానాస్' రాళ్లు. 'రాముడు రావణుని చంపెను' అన్నా, 'రావణుని రాముడు చంపెను' అన్నా మనకు అర్థం మారనట్టే వారికీ చాలా చోట్ల మారేది కాదు. ఈ పద్ధతి ఇప్పటి ఇంగ్లీషు వారికి వింతగా తోస్తుంది గాని, తెలుగు విద్యార్థి దీనికి భయపడవలసిన పని లేదు.

మీ ఊరికి దగ్గరలోనే, ఎర్రగుంట్ల పక్కన కలమళ్ల ఉంది. రేనాటి చోళుల కాలపు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం అక్కడిదే. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించిన ఆ శాసనమే మనకు దొరికిన తొలి తెలుగు శాసనం. అందులో 'రేనాణ్డు ఏళన్' అని ఉంది. రేనాడును ఏలుతుండగా అని దాని అర్థం. ఆ శాసనాన్ని మీ చేతికి ఇచ్చి చదవమంటే ఇది తెలుగేనా అని మీరు తప్పక సందేహిస్తారు. కాని 'ఏళన్'లో నేటి 'ఏలడం' వినిపించిన క్షణంలో సందేహం తీరిపోతుంది. పాత ఇంగ్లీషులో 'హూస్' అన్నది నేటి హౌస్, 'హ్లాఫ్' అన్నది రొట్టె, అంటే నేటి లోఫ్. ఆ హ్లాఫ్‌ను కాపాడేవాడు 'హ్లాఫ్‌వేఆర్డ్'. ఆ మాటే అరిగి అరిగి నేడు లార్డ్ అయింది. రొట్టె పిండి పిసికే ఆమె 'హ్లాఫ్‌డియె', ఆమెయే లేడీ. ఇట్లా ఒక్కొక్క మాటను పట్టుకొని చూస్తే అది ఇంగ్లీషేనని మీకే తెలుస్తుంది.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. 597లో రోమ్ నుంచి అగస్టిన్ అనే మత ప్రచారకుడు కెంట్ రాజ్యానికి వచ్చిన తరువాత, ఆ రాజు ఎథెల్‌బెర్ట్ రాయించిన శిక్షాస్మృతిని ఇంగ్లీషులో పుట్టిన తొలి రచనగా చెప్తారు. అది కూడా పన్నెండవ శతాబ్దంలో ఎత్తిరాసిన ప్రతిలో మాత్రమే మిగిలింది. అంటే కలమళ్ల రాతి మీద తెలుగు చెక్కిన నాటికి ఇంగ్లీషులో పుస్తకం రాయడం ఇంకా మొదలు కాలేదు. గొప్పలు చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఇంగ్లీషు కూడా ఒకనాడు చిన్న చిన్న రాజ్యాలలో, చదువురాని జనం నోట మాత్రమే ఉండిన భాష అని మీరు గుర్తు పెట్టుకోవాలని అంటున్నాను.

కర్నూలు నుంచి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితులు: ఇంగ్లీషు పద్యానికి యతి లేదనీ, చివర అంత్యప్రాస మాత్రమే ఉంటుందనీ మేము చదువుకున్నాము. బేవుల్ఫ్‌లో యతి ఉన్నదని మీరు ఏ ఆధారంతో అన్నారో వివరించగోరుతున్నాను.

జవాబు: పండితులవారికి నమస్కారం. అంత్యప్రాస ఇంగ్లీషు పద్యానికి పుట్టుకతో వచ్చినది కాదు, ఫ్రెంచి ప్రభావంతో తరువాత స్థిరపడినది. అంతకు ముందు ఇంగ్లీషు పద్యాన్ని నిలబెట్టినది పాదం మొదటి సగాన్ని రెండవ సగంతో అక్షర సామ్యం ద్వారా ముడివేసే పద్ధతి. దీనిని మన యతి అని ముమ్మూర్తులా అనలేము గాని, యతికి ఇంతకంటే దగ్గరి చుట్టం పాశ్చాత్య ఛందస్సులలో నాకు తెలిసినంతలో లేదు.

ఆ నియమం ఇది. ఒక్కొక్క పాదాన్ని నడుమ విరామంతో రెండు సగాలు చేస్తారు. ఒక్కొక్క సగంలో ఊనికతో పలికే స్థానాలు రెండు, మొత్తం నాలుగు. ఈ నాలుగింటిలో మూడవది, అంటే రెండవ సగంలో మొదటిది, పాదానికి మూలస్తంభం. మొదటి సగంలోని రెండు ఊనికలలో ఒకటిగాని, రెండూ గాని దీని తొలి హల్లుతో కలవాలి. నాలుగవ ఊనిక మాత్రం కలవకూడదు. బేవుల్ఫ్ ప్రారంభంలోనే డేన్ల, అంటే డెన్మార్క్ వారి, రాజు షుల్డ్‌ను పొగుడుతూ 'మోనెగుమ్ మేగ్థుమ్, మేఒదోసెట్ల ఒఫ్తేఆహ్' అన్న పాదం ఉంది. ఎన్నో తెగల వారి నుంచి ఆయన మధుపానశాల పీఠాలను లాక్కున్నాడని, అంటే వారి ప్రభుత్వాలను కూలదోశాడని భావం. మూడు చోట్ల మకారం పడింది, నాలుగవ చోట పడలేదు. అందులోని 'మేఒదో' అన్నది తేనెతో చేసే మద్యం పేరు. అది మన 'మధు' శబ్దానికి పుట్టింటి వైపు బంధువని భాషాశాస్త్రం చెప్తుంది.

అచ్చులకు అచ్చులతో వారు యతి చెల్లించిన తీరు మీకు ఆసక్తి కలిగిస్తుంది. మనకు అ, ఆ, ఐ, ఔలు ఒక వర్గం, ఇ, ఈ, ఎ, ఏ, ఋలు ఒక వర్గం, ఉ, ఊ, ఒ, ఓలు ఒక వర్గం. వారికి అటువంటి విభజన లేదు, ఏ అచ్చుకైనా ఏ అచ్చయినా చెల్లుతుంది. సంయుక్తాక్షరాల విషయంలో మాత్రం వారు పట్టుదల చూపారు. 'స్ట' మొదటగా ఉన్న మాటకు 'స్ట'తోనే యతి, 'స్ప'కు 'స్ప'తోనే యతి. వట్టి సకారంతో సరిపెట్టుకుంటే అది దోషం.

తేడాలు కూడా పెద్దవే. ఉత్పలమాలకు పదవ అక్షరం, చంపకమాలకు పదకొండవది, శార్దూలానికి పదమూడవది, మత్తేభానికి పద్నాలుగవది అని మనం అక్షరాలు లెక్కించి యతిస్థానం నిర్ణయిస్తాము. వారు ఊనికను చూస్తారే గాని అక్షరాలు లెక్కించరు, గురులఘువులతో గణాలు కట్టరు. మనకు హల్లుతో పాటు దాని మీది అచ్చుకు కూడా మైత్రి కుదరాలి, వారికి హల్లు కలిస్తే చాలు. రెండవ అక్షరం ప్రాస వారికి లేనే లేదు.

ఈ నియమం ఎందుకు పుట్టిందంటే, ఆ పద్యాలు పెద్ద చావడిలో తంత్రీవాద్యం మీటుతూ పదిమంది ముందు పాడడానికి పుట్టినవి. 1939లో సట్టన్ హూ అన్న చోట మట్టిదిబ్బ కింద బయటపడిన ఓడ సమాధిలో కత్తులు, శిరస్త్రాణంతో పాటు అటువంటి వాద్యపు ముక్కలు కూడా దొరికాయి. పాడేవాడికి పాదం మొదటి సగం నోటికి వస్తే రెండవ సగం ఏ అక్షరంతో అందుకోవాలో యతి చెప్తుంది. మన వైపు తోలుబొమ్మలాట వారు రాత్రంతా పద్యం వెంట పద్యం తడబాటు లేకుండా ఎత్తుకోవడం చూసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

యతి కుదరాలంటే ఒకే వస్తువుకు వేర్వేరు అక్షరాలతో మొదలయ్యే పేర్లు కావాలి. అందుకని ఆ కవులు సమాసాలు కల్పించుకున్నారు. సముద్రానికి 'హ్రోన్‌రాడ్' అంటే తిమింగలాల బాట అనీ, శరీరానికి 'బాన్‌హూస్' అంటే ఎముకల ఇల్లు అనీ పేర్లు పెట్టారు. మన తత్త్వాలు పాడేవారు దేహాన్ని తోలుతిత్తి అనడం గుర్తుకు రావడం లేదా?

కథ మూడు యుద్ధాల కథ. డేన్ల రాజు హ్రోత్‌గార్ కట్టించిన హేఒరొట్ అనే సభామందిరం మీద గ్రెండెల్ అనే భూతం పన్నెండేండ్లు పడి మనుషులను తింటూ ఉంటుంది. నేటి దక్షిణ స్వీడన్ ప్రాంతపు గేఆట్ జాతి యువకుడు బేవుల్ఫ్ వచ్చి, ఆయుధం లేకుండా దాని చేయి పెరికివేస్తాడు. పగతో వచ్చిన దాని తల్లిని నీటి అడుగుకు వెళ్లి చంపుతాడు. యాభై ఏండ్లు రాజ్యం చేసిన తరువాత, ముసలితనంలో, నిధిని కాచుకొని ఉన్న డ్రాగన్‌తో తలపడి దానిని చంపి తానూ చనిపోతాడు. ఆ పోరులో వీగ్లాఫ్ అనే ఒక్క యువకుడు తప్ప మిగిలిన అనుచరులందరూ అడవిలోకి పారిపోతారు. తరగతులలో గ్రెండెల్‌తో పోరునే ఎక్కువగా చెప్తారు. ఈ కావ్యపు గొప్పతనమంతా ఆ చివరి భాగంలోనే ఉందని నా అభిప్రాయం. గెలిచిన తరువాత కూడా దుఃఖం మిగిలే వీరకథను చెప్పడానికి ధైర్యం కావాలి. చితి ఆరిన తరువాత, సముద్రంలో పోయేవారికి దూరం నుంచి కనిపించేటట్టు కొండకొమ్ము మీద దిబ్బ కడతారు. పన్నెండు మంది యోధులు గుర్రాల మీద దాని చుట్టూ తిరుగుతూ రాజును తలచుకొని విలపిస్తారు. ఆఖరి పాదం 'లేఒదుమ్ లీథోస్ట్, ఒండ్ లోఫ్‌యేఒర్నోస్ట్'. ప్రజల పట్ల అందరికంటే దయగలవాడు, కీర్తిని అందరికంటే కోరినవాడు అని అర్థం. లకారపు యతిని మీరే గమనించండి. 3182 పాదాల కావ్యం ఆ మాటతో ఆగుతుంది.

కడప నుంచి ఒక గ్రంథాలయ ఉద్యోగిని: బేవుల్ఫ్‌కు ప్రపంచంలో ఒక్క ప్రాచీన ప్రతి మాత్రమే ఉందని విన్నాను. అది ఇన్ని శతాబ్దాలు ఎట్లా మిగిలింది?

జవాబు: మిగలడమే ఆశ్చర్యం. 1000వ సంవత్సరం ప్రాంతంలో ఇద్దరు లేఖకులు తోలు మీద రాసిన ప్రతి అది. ఎనిమిదవ హెన్రీ 1536 నుంచి 1540 వరకు మఠాలన్నింటినీ మూసివేయించినప్పుడు వాటి పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. చదవగలిగినవారు లేని ప్రాచీన గ్రంథాల తోలును కొందరు చిత్తు సామాను కింద అమ్ముకున్నారు. అట్లా పోతున్నవాటిని వెతికి చేర్చినవారిలో రాబర్ట్ కాటన్ ఒకడు. ఆయన గ్రంథాలయంలో ఒక్కొక్క బీరువా మీద ఒక్కొక్క రోమన్ చక్రవర్తి విగ్రహం ఉండేది. విటెలియస్ విగ్రహమున్న బీరువాలో మొదటి అరలో పదిహేనవ పుస్తకం బేవుల్ఫ్ ప్రతి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నా దానిని ఆ గుర్తుతోనే పిలుస్తారు. గ్రంథాలయంలో పని చేసే మీకు ఈ వివరం నచ్చుతుందని రాస్తున్నాను.

1731 అక్టోబరు 23న ఆ పుస్తకాలు ఉంచిన ఆష్‌బర్న్‌హామ్ హౌస్ అంటుకుంది. బేవుల్ఫ్ ప్రతి అంచులు మాడిపోయాయి. అప్పటి నుంచి పట్టుకున్నప్పుడల్లా ఆ అంచులు పొడిగా రాలుతూ వచ్చాయి. ఐస్‌లాండ్‌లో పుట్టిన తోర్కెలిన్ అనే పండితుడు 1787 ప్రాంతంలో లండన్ వచ్చి ఒక ప్రతి రాయించుకొని, మరొకటి తానే రాసుకొని కోపెన్‌హాగెన్‌కు తీసుకొని పోయాడు. నేడు మూలంలో రాలిపోయిన ఎన్నో అక్షరాలకు ఆ రెండు ప్రతులే ఆధారం. 1807లో బ్రిటిష్ నౌకాదళం ఆ నగరం మీద గుండ్లు కురిపించినప్పుడు ఆయన ఇల్లు కాలి, ముద్రణకు సిద్ధం చేసుకున్నదంతా పోయింది. ఎత్తిరాసిన ప్రతులు మాత్రం దక్కాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి పని చేసి 1815లో ఆ కావ్యాన్ని తొలిసారి అచ్చు వేయించాడు.

991లో, స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చి దాడులు చేసే వైకింగులతో జరిగిన మాల్డన్ యుద్ధం మీది పద్యానికి ఆ అదృష్టం సగమే పట్టింది. దాని ప్రతి ఆ మంటల్లో పూర్తిగా కాలిపోయింది. అంతకు కొంచెం ముందు ఎవరో ఎత్తిరాసి పెట్టబట్టి, మొదలు, చివర లేని 325 పాదాలు మనకు మిగిలాయి.

మీరు కడపలో ఉండి ఈ ప్రశ్న అడగడం నాకు చాలా సంతోషం కలిగించింది. 1820లో మీ ఊరికి ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, తాళపత్రాలు సేకరించి, ఎత్తిరాయించి, పాఠాలు సరిచూపించాడు. ఆయన సేకరించిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఎత్తిరాసేవాడు లేకపోతే కావ్యం లేదు అన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

ఎక్సెటర్ బిషప్ లేఒఫ్రిక్ తన చర్చికి ఇచ్చిన పద్య సంకలనం కూడా ఇటువంటి కష్టాలు పడినదే. దాని మొదటి పుటను ఎవరో కూరగాయలు తరిగే పలక లాగా వాడినట్టు కత్తిగాట్లు ఉన్నాయి, చివరి పుటలు నిప్పు తగిలి కాలి ఉన్నాయి. అందులో తొంభైకి పైగా పొడుపుకథలు ఉన్నాయి. ఒకదాని భావం ఇది: పురుగొకటి మాటలను తిన్నది, ఒక మహానుభావుని పలుకులను చీకట్లో దొంగ మింగివేసినట్టు మింగింది, అన్ని మాటలు తిన్నా ఆ దొంగకు రవంత జ్ఞానం రాలేదు. విప్పితే, పుస్తకాలు తినే పురుగు. తాళపత్రాల కట్టలు విప్పి చూసినవారెవరికైనా ఆ దొంగ బాగా పరిచయమే.

గుంతకల్లు నుంచి తొమ్మిదవ తరగతి విద్యార్థి: ఇంగ్లీషులో వారాల పేర్లు ఎవరు పెట్టారు?

జవాబు: బాబూ, రోమన్లు వారాలకు గ్రహాల పేర్లు పెట్టుకుంటే, ఆంగ్లో-సాక్సన్లు వాటిలో నాలుగింటికి తమ దేవతల పేర్లు పెట్టుకున్నారు. మన మంగళవారం నాటి అంగారక గ్రహానికి యుద్ధదేవత టివ్, బుధునికి వోడెన్, గురునికి ఉరుముల దేవత థూనోర్, శుక్రునికి ఫ్రిగ్. టివ్ పేరుతో ట్యూస్‌డే, వోడెన్ పేరుతో వెన్స్‌డే, థూనోర్ పేరుతో థర్స్‌డే, ఫ్రిగ్ పేరుతో ఫ్రైడే వచ్చాయి. ఆదివారం సూర్యునిది, సోమవారం చంద్రునిది, శనివారం శని గ్రహానిది. మన వరుసా వారి వరుసా ఒకటే. పలక మీద రెండూ పక్కపక్కన రాసి చూడు.

హిందూపురం నుంచి ఒక ఉపాధ్యాయులు: ఆల్‌ఫ్రెడ్ రాజును యుద్ధవీరునిగా చెప్పాలా, సాహిత్య పోషకునిగా చెప్పాలా?

జవాబు: రెండూ చెప్పండి, కాని రెండవదానికి ఎక్కువ సమయం ఇవ్వండి. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడినప్పటి నుంచి వైకింగులు ఆ దేశాన్ని వదల్లేదు. 871లో వెసెక్స్ రాజ్యానికి రాజైన ఆల్‌ఫ్రెడ్ ఒక దశలో బురద నేలల్లో తలదాచుకొని, 878లో ఎడింగ్‌టన్ దగ్గర వారిని ఓడించి రాజ్యం నిలుపుకున్నాడు. ఆ తరువాత ఆయన చూసినది ఏమిటంటే, పుస్తకాలన్నీ లాటిన్‌లో ఉన్నాయి, లాటిన్ తెలిసినవారు దాదాపు లేరు. అందరూ తెలుసుకోవలసిన పుస్తకాలను అందరికీ తెలిసిన భాషలోకి తేవాలని నిశ్చయించి, పండితులను పిలిపించుకొని తానే అనువాదానికి కూర్చున్నాడు. పోప్ గ్రెగరీ రాసిన గ్రంథాన్ని ఇంగ్లీషు చేసి తన రాజ్యంలోని బిషప్పులకు ఒక్కొక్క ప్రతి పంపించాడు. ప్రతితో పాటు పంపిన పుల్ల వంటి సూచిక పిడి అయి ఉండవచ్చునని భావిస్తున్న బంగారు ఆభరణం 1693లో బయటపడింది. 'ఆల్‌ఫ్రెడ్ నన్ను చేయించాడు' అని దాని మీద పాత ఇంగ్లీషులో ఉంది. రాజరాజ నరేంద్రుడు నన్నయను భారతం తెలుగు చేయమని కోరిన కథతో కలిపి చెప్తే పిల్లలకు బాగా పడుతుంది. ఆల్‌ఫ్రెడ్ 899లో మరణించాడు, రాజరాజు ఏలిక 1022లో మొదలైంది. నూటికి పైగా ఏండ్ల తేడాతో ఇద్దరు రాజులు చేసిన పని ఒకే విధమైనది.

అనంతపురం నుంచి ఒక యువ న్యాయవాది: 1066 తరువాత పాలకులు ఫ్రెంచి మాట్లాడేవారైతే ఇంగ్లీషు ఎట్లా బతికింది? మన జిల్లా కోర్టులలో తెలుగు గతి చూస్తున్నాను కనుక అడుగుతున్నాను.

జవాబు: 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ యుద్ధంలో ఫ్రాన్సు తీరంలోని నార్మండీ ప్రభువు విలియం గెలిచాడు. ఇరవై ఏండ్ల తరువాత, 1086లో, ఆయన దేశంలోని భూమినంతా లెక్కించి రాయించిన డూమ్స్‌డే దస్తరంలో పెద్ద భూస్వాముల పేర్లు చూస్తే ఇంగ్లీషువారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే కనిపిస్తారు. ఆ దస్తరం భాష లాటిన్. రాజసభలో మాట్లాడేది ఫ్రెంచి. ఇంగ్లీషు పొలాల్లో, వంటిళ్లలో, సంతల్లో మిగిలింది.

మీరు రోజూ పలికే జడ్జి, కోర్టు, అప్పీలు, అటార్నీ, ప్లీడరు అన్న మాటలు మనకు ఇంగ్లీషు, ఇంగ్లీషువారికి మాత్రం అవి ఫ్రెంచి. పశువును మేపేవాడి నోట అది కౌ, షీప్, స్వైన్, వండి వడ్డించిన పళ్లెంలో అదే బీఫ్, మటన్, పోర్క్. మొదటి మూడూ పాత ఇంగ్లీషు మాటలు, తరువాతి మూడూ ఫ్రెంచి. మన సంగతి చూడండి. మడక, గొర్రు, గుంటక, కాడి, కళ్లం అన్నవి రైతు మాటలు, తెలుగు. వకీలు, ఫిర్యాదు, జప్తు, దస్తావేజు, జామీను, హాజరు అన్నవి కచేరీ మాటలు, పారసీ, అరబ్బీల నుంచి నవాబుల పాలనలో వచ్చినవి. ఎవరు ఏలారో, ఎవరు దున్నారో ఏ భాష పదకోశమైనా చెప్తుంది.

ఆల్‌ఫ్రెడ్ కాలంలో మొదలైన ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతాన్ని పీటర్‌బరో మఠంలో 1154 వరకు ఇంగ్లీషులోనే రాస్తూ వచ్చారు. ఏలికలు ఆ భాషను పట్టించుకోని కాలంలో, స్టీఫెన్ రాజు నాటి ప్రభువులు కోటలు కట్టి జనాన్ని పెట్టిన హింసలను ఒక సన్యాసి అందులో రాసి పెట్టాడు. ఆ పుటలు చదివినప్పుడల్లా నాకు మనసు కలత పడుతుంది. వ్యాకరణం చూసినా ఆ పుటలు విలువైనవే. విభక్తి ప్రత్యయాలు ఒక్కొక్కటే ఊడిపోవడం వాటిలో కళ్లకు కడుతుంది. వైకింగుల సంతతితో కలిసి బతికిన ప్రాంతాలలో ఆ మార్పు అంతకు ముందే మొదలైంది. దే, దెమ్ వంటి సర్వనామాలు కూడా వారి నుంచి వచ్చినవే.

ఇంగ్లీషు పైకి రావడానికి కారణాలు భాషలో కంటే చరిత్రలోనే ఎక్కువ. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. దానితో ప్రభువులకు ఆవలి గట్టుతో సంబంధం సన్నగిల్లింది. 1337లో ఫ్రాన్సుతో దీర్ఘ యుద్ధం మొదలై ఫ్రెంచి శత్రువుల భాష అయింది. 1348, 1349లలో వచ్చిన ప్లేగు జనాభాలో మూడవ వంతుకు తక్కువ కాకుండా మింగింది. బతికిన కూలీల విలువ పెరిగింది, వారి మాట విలువా పెరిగింది. చివరకు 1362లో, ఫ్రెంచి జనానికి తెలియడం లేదు కనుక వాదప్రతివాదాలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని ఫ్రెంచిలోనే రాశారు, తీర్పుల నమోదు లాటిన్‌లోనే సాగాలన్నారు. న్యాయస్థానపు గుమ్మం దాటడానికి ప్రజల భాషకు మూడు వందల ఏండ్లు పట్టింది. కక్షిదారుకు అర్థం కాని భాషలో అతని కేసు నడవకూడదన్న మీ ఆవేదన ఆ చట్టం చేసినవారికి కూడా ఉండేది.

నంద్యాల నుంచి ఒక పాఠకులు: చాసర్‌ను ఆంగ్ల కవితా పితామహుడు అనడం సబబేనా?

జవాబు: ఆయనకు ముందు ఏడు వందల ఏండ్ల పద్యం ఉన్నదని పై జవాబులు చదివినవారికి తెలుస్తుంది కనుక, ఆ బిరుదును నేను తరగతిలో వాడను. ఫ్రెంచి, ఇటాలియన్ కవుల నడకను నేర్చి, పది అక్షరాల పాదాన్ని, అంత్యప్రాసను ఇంగ్లీషుకు సహజమనిపించేటట్టు చేసినవాడు అంటాను. ద్రాక్షసారా వర్తకుని కొడుకు, యుద్ధంలో ఫ్రెంచివారికి చిక్కితే 1360లో విడిపించడానికి రాజు 16 పౌన్లు ఇచ్చాడు. 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని సుంకాల మీద అధికారి. పగలంతా లెక్కల పుస్తకాలు చూసే ఉద్యోగమే ఆయనకు రకరకాల మనుషులను చూపించింది.

చాసర్ రాసిన కాంటర్‌బరీ కథలలో యాత్రికులు వెళ్లేది 1170లో చర్చిలోనే హత్యకు గురైన ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ సమాధికి. యోధుడు, తిరగలి మిల్లువాడు, మఠాధిపతురాలు, ఐదు పెళ్లిళ్లు చేసుకున్న బాత్ ఊరి స్త్రీ ఒకే దారిలో, ఒకే సత్రంలో కలుస్తారు. అన్నమయ్య కాలిబాటన తిరుమలకు నడిచే మన గుంపులలో కూడా బియ్యం వ్యాపారీ, కూలీ, ఉపాధ్యాయురాలూ పక్కపక్కన నడుస్తారు. ఊళ్లో కుదరని మాటలు దారిలో కుదురుతాయి. చాసర్ పట్టుకున్నది దానినే. ఒక్కొక్కరు పోతూ రెండు, వస్తూ రెండు కథలు చెప్పాలని ఏర్పాటు, 1400లో ఆయన మరణించే నాటికి అయినవి 24. అదే కాలంలో వాయవ్య ఇంగ్లండ్‌లో పేరు తెలియని ఒక కవి గవేన్ వీరుని కథను పాత యతి పద్ధతిలోనే అద్భుతంగా రాశాడు. రెండు ఛందస్సులూ పక్కపక్కన వెలిగిన ఆ ఇరవై ముప్పై ఏండ్లు నాకు మరీ ఇష్టం.

కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో తొలి ముద్రణాలయం పెట్టాక చాసర్‌ను అచ్చు వేశాడు. 1490లో ఆయన చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఉత్తరాది వర్తకుడు కెంట్‌లో ఒక ఇల్లాలిని కోడిగుడ్లు అడగబోయి 'ఎగ్గెస్' అంటే, తనకు ఫ్రెంచి రాదని ఆమె జవాబు చెప్పింది. ఆమె ప్రాంతంలో వాటిని 'ఐరెన్' అంటారు. కర్నూలు మనిషి కోస్తాలో బుడ్డలు, అంటే వేరుశనగలు, అడిగితే ఇంచుమించు ఇదే జరుగుతుంది. కె అక్షరాన్ని పలకకుండా నైట్, నైఫ్ అని నేడు చదువుతున్న మాటలను చాసర్ 'క్నిఖ్ట్', 'క్నీఫ్' అని పలికాడు. అచ్చు వర్ణక్రమాన్ని బిగించింది, ఉచ్చారణ తన దారిన పోయింది.

పులివెందుల నుంచి ఒక గృహిణి: నేను ఇంటర్ వరకే చదివాను. ఈ పాత పద్యాల రుచి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, కాడ్‌మన్ పద్యంతో మొదలుపెట్టండి, తొమ్మిది పాదాలే. విట్‌బీ మఠంలో, హిల్డ్ అనే మఠాధిపతురాలి కాలంలో, కాడ్‌మన్ పశువుల కాపరి. విందులో వాద్యం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వచ్చి తన వంతు దగ్గర పడగానే, పాట రాదని సిగ్గుపడి లేచి కొట్టానికి వెళ్లిపోయేవాడు. ఒక రాత్రి అక్కడే నిద్రలో ఎవరో వచ్చి పేరు పెట్టి పిలిచి పాడమన్నారు. రాదన్నాడు. సృష్టి ఎట్లా మొదలైందో పాడు అన్నారు. పాడాడు. తెల్లవారి ఆ పద్యం జ్ఞాపకముంది. హిల్డ్ ఆయనను మఠంలో చేర్చుకొన్నది. బీడ్ ఈ కథ రాసి, పద్యానికి లాటిన్ భావం మాత్రమే ఇచ్చాడు. తరువాతి లేఖకులు పుటల అంచుల్లో మూల పద్యాన్ని ఇంగ్లీషులో రాసి పెట్టడం వల్ల అది మనకు దక్కింది.

దాని మొదటి పాదం 'నూ స్కులోన్ హెరియన్, హేఒవొన్‌రిచెస్ వేఆర్డ్'. ఇక మనం స్తుతించాలి, స్వర్గరాజ్యపు కావలివానిని అని భావం. అర్థం పక్కన పెట్టి ముందు పదిసార్లు పైకి చదవండి. యతి ఏ అక్షరానికి, ఎక్కడ పడిందో మీ చెవికి తెలుస్తుంది. తెలిసినది ఒక కార్డు మీద రాసి పంపండి, వచ్చే నెల ఇక్కడ మిగిలిన ఎనిమిది పాదాలూ చూద్దాం.